ఒక గంటా అయిదు నిమిషాల తేడా

ఈయన దిగిపోయారు. సరిగ్గా తొమ్మిదీ ఇరవైకి, రన్‌వే మీద రెండు గెంతులు గెంతి, కుర్చీలోంచి నడుం పట్టుకుని లేచి, "వచ్చేశాం!" అని వీధి చివరిదాకా వినపడేలా ఒక కేక. ఎక్కడికీ వెళ్ళలేదు మహానుభావుడు, పక్క గదిలోనే ఉన్నారు, మా అమ్మాయి చంటి చదువుకునే రోజుల్లో విమానం నడపడం సాధన చేస్తానని కొనుక్కున్న ఆ కంప్యూటర్ ఆట ముందు, దాని స్టీరింగు పట్టుకుని. నిన్న సాయంత్రం ఏడూ ఇరవైకి చంటి విమానం ఏ ఊళ్ళో లేచిందో ఈయనా ఆటలో ఆ ఊళ్ళోనే లేచారు, అది ఎక్కడ దిగాలో అక్కడే దిగుతానన్నారు, "పిల్లకి తోడెళ్తున్నా" అన్నారు నాతో, సందు చివరికి కూరలకెళ్తున్నట్టు. ఫ్లాస్కు నిండా టీ, నడుముకి దిండు, గంటకోసారి మోగే అలారం. లేవడం, దిగడం మనం చూసుకుంటే మిగతా దారంతా దానంతటదే పోతుందటలెండి, మధ్యలో ఈయన గురక గోడ ఇవతలికి వినపడుతూనే ఉంది, పైలట్‌గారి గురక. సరే, ఈయన దిగారు, బానే ఉంది, మరి పిల్లేదీ? ఇస్త్రీ బల్ల మీద పెట్టుకున్న నా ఫోన్లో, నిజం విమానాలు చూపించే ఆ పటంలో, చంటి విమానం ఇంకా సముద్రం మీదే ఉంది, గోరంత పసుపుపచ్చ బొమ్మ, కదులుతోందో లేదో కూడా తెలియడం లేదు. కింద చూస్తే, ఇంకా గంటా అయిదు నిమిషాలు అని ఉంది. ఈయన వచ్చి నా భుజం మీంచి తొంగి చూసి, "అదెలా కుదురుతుందీ?" అన్నారు, నేనేదో తప్పు చేసినట్టు.

పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లు. పది రోజులుగా మా ఇంట్లో ఈ అంకే జపం. ఆ ఊరికీ ఈ ఊరికీ మధ్య గాల్లో ఎంత దూరమో ఈయనే ఎక్కడో వెతికి పట్టుకొచ్చి, క్యాలెండర్ వెనకాల రాసి, గంటకి తొమ్మిది వందల చొప్పున పద్నాలుగు గంటలు అని కింద రెండు గీతలు కొట్టారు. విమానం కంపెనీ వాళ్ళ టైంటేబుల్లో పదిహేను గంటల అయిదు నిమిషాలుందండీ అంటే, "వాళ్ళలాగే వేస్తారు, ఆలస్యమైతే జనం తిట్టకుండా" అని కొట్టిపారేశారు. ముప్ఫై ఏళ్ళు డ్రైవింగ్ స్కూలు నడిపిన మనిషికి దూరం గురించీ వేగం గురించీ నేను చెప్పాలా, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. ఇప్పుడేమో వెళ్ళి ఆటలో మీటలన్నీ తిరగేసి, వచ్చి నాలుక కరుచుకుని నిలబడ్డారు. గాలి మీట వెయ్యలేదట. ఆటలో గాలే లేదట, పద్నాలుగు గంటలూ ఆకు కదలని ఆకాశంలో వచ్చారట ఈయన. అక్కడ నిజం ఆకాశంలో పిల్ల దారిపొడుగునా ఎదురుగాలిలో వస్తోంది. "రోడ్డు మీద గాలి లెక్క ఎవడు చూస్తాడే?" అన్నారు, పాపం నిజమే, బండి నేర్పే మాస్టారికి గుంతలు తెలుస్తాయి గానీ గాలేం తెలుస్తుంది. చంటి నాకెప్పుడో చెప్పింది, అదే దారి, అవే కిలోమీటర్లు, అయినా అటు వెళ్ళేటప్పుడు ఒక టైము, ఇటు వచ్చేటప్పుడు ఇంకో టైము అమ్మా అని. నాకు ఇట్టే అర్థమైంది. మా ఇంటికీ నేను పనిచేసే ఆస్పత్రికీ రెండు కిలోమీటర్లు, పొద్దున్న వెళ్ళేటప్పుడు ఇరవై నిమిషాలు, పన్నెండు గంటలు నిలబడి వచ్చేటప్పుడు ముప్పావుగంట, కాళ్ళు చెప్పిన లెక్క అది.

ఇస్త్రీ పెట్టె వేడెక్కింది, ఈయన చొక్కా ఒకటి పరిచాను, కాలర్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి, ఎప్పుడూ కాలర్ నుంచే. చేతులకి పనుంటే మనసు కొంచెం ఊరుకుంటుందని మొదలుపెట్టానే గానీ అది ఊరుకుంటేనా. ఈ ఒక్క ప్రయాణం అయితే చాలు, చంటి పూర్తి పైలట్టు. ఇది ఆఖరి పరీక్ష. కెప్టెన్ సీట్లో పరీక్ష పెట్టే పెద్దాయన, కుడిపక్క సీట్లో మా పిల్ల, దారి మధ్యలో వంతులకి ఇంకో ఇద్దరు పైలట్లున్నా లేపేటప్పుడూ దింపేటప్పుడూ ఆ సీట్లలో వీళ్ళిద్దరే, వెనకాల మూడొందల మంది, వాళ్ళకి ఇక్కడొకరికి పరీక్ష జరుగుతోందని కూడా తెలియదు, టీవీలు చూసుకుంటూ కాళ్ళు చాపుకుని ఉంటారు. లేపడం చంటి వంతట, దింపడం ఆయన వంతట. ఆయన దింపుతుంటే పక్కన కూర్చుని వేగం, ఎత్తు, గాలి, ఆ అంకెలన్నీ చూస్తూ, ఏ ఒక్కటి దారి తప్పినా పైకి చెప్పడం దీని పని. దింపడం కుదరదు అనిపిస్తే రెండే రెండు మాటలు అనాలి, గో అరౌండ్. అంటే దించకు, మళ్ళీ లేపి చుట్టు తిరిగి రా అని. ఎంత చిన్న పైలట్ అన్నా సరే, పక్కన ఎంత పెద్ద కెప్టెన్ ఉన్నా సరే, ఆ మాట వినపడితే లేపి తీరాలట. అదీ రూలు. అంత పెద్ద విమానాన్ని ఇరవై ఏడేళ్ళ పిల్ల నోట్లో పెట్టారన్నమాట. ఆ నోరేమో నేను పెంచిన నోరు.

నాలుగు నెలల కిందట ఇదే చోట పరీక్ష తప్పింది. నిజం విమానం కాదులెండి, అచ్చం విమానంలాగే ఊగే గది ఒకటి ఉంటుంది వాళ్ళకి, అందులో పరీక్ష. పరీక్ష పెట్టినాయన కావాలనే ఎక్కువ వేగంతో దింపుతున్నట్టు నటించాడట. చంటి చూసింది. చూడకేం, దాని కళ్ళు డేగ కళ్ళు. చూసి ఏమందో తెలుసా, "సార్, స్పీడు కొంచెం ఎక్కువుందేమో సార్" అంది. ఆయన వినపడనట్టు ఊరుకున్నాడు. ఇది ఇంకోసారి, "సార్, కొంచెం చూస్తారా సార్" అంది. రన్‌వే అయిపోయింది, తెర ఎర్రగా మారింది, గది ఆగిపోయింది. కాగితం మీద ఏం రాశారంటే, ఈ అమ్మాయికి అన్నీ వచ్చు, నోరు తప్ప. మళ్ళీ నేర్పించారు, ఆ గది పరీక్ష మళ్ళీ పెట్టారు, ఎలాగో గట్టెక్కింది, ఇవాళ్టిది నిజం విమానంలో. ఇదీ పోతే మళ్ళీ ఇవ్వరు. ఏడేళ్ళ చదువు, ఏడేళ్ళ నిద్ర, దాని వయసు పిల్లలంతా సరదాగా తిరిగిన ఏడేళ్ళూ, అన్నీ గంగలో కలిసినట్టే.

"ఎంతకొచ్చింది?" అంటున్నారు ఈయన. ఇంకా నలభై ఎనిమిది నిమిషాలు. ఈయనకి కాలు ఒకచోట నిలవదు, కాలు కాలిన పిల్లిలా వంటింటికీ వీధి గుమ్మానికీ తిరుగుతున్నారు, ఈ తిరుగుడు కొలిస్తే ఈయనా ఈపాటికి ఆ ఊరు చేరుండేవారు. "కూర్చోండి కాసేపు" అంటే, "పద్నాలుగు గంటలు కూర్చునే ఉన్నాగా" అంటారు. నవ్వొచ్చింది. నవ్వితే కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, ఆవిరి అనుకున్నారో ఏమో ఏమీ అడగలేదు.

నోట్లో నాలుక లేని పిల్ల. చుట్టాలందరూ అనేవాళ్ళు ఆ మాట, మెచ్చుకోలుగానే అనేవాళ్ళు, నేను మురిసిపోయేదాన్ని. మా ఆడపడుచు తన కూతురిని నాలుగు తిట్టి, వదిన దగ్గర నేర్చుకోవే పెంపకం అనేది. పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో రాకు, ఎదురు చెప్పకు, వాళ్ళు తప్పన్నా సరే తర్వాత మెల్లగా చెప్పు. పెద్దల మాట చద్ది మూట. ఎన్నిసార్లు చెప్పానో, దువ్వెన పట్టుకుని జడ వేస్తూ, ప్రతి చిక్కుకీ ఒక నీతి. నేనేం గాలికి చెప్పలేదు, అలా బతికాను కాబట్టి చెప్పాను. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో నర్సుని. అక్కడ డాక్టరు మాటే మాట. ఎస్ సార్, ఇదిగో సార్, అలాగే సార్. ఎంతమంది డాక్టర్లు వచ్చారు, వెళ్ళారు, నేనున్నాను, ఎందుకున్నానంటే నోరు మూసుకుని ఉన్నాను. పండు పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టు పిల్లకి కూడా అదే ఇచ్చాను, తిను, నేనిలాగే బతికాను అని.

పదకొండేళ్ళ కిందట ఒక రోజు. కడుపు ఆపరేషన్, మూడు గంటలు పట్టింది. రక్తం అద్దే గుడ్డలు ఎన్ని లోపలికి ఇచ్చామో, కుట్లు వేసేముందు అన్నీ బయటికొచ్చాయో లేదో లెక్కపెట్టడం నా పని. ఇరవై ఇచ్చాను. పంతొమ్మిదే ఉన్నాయి. బకెట్టు చూశాను, నేల చూశాను, నా చెప్పు కింద కూడా చూశాను. "సార్, ఒకటి తక్కువుందేమో సార్" అన్నాను. ఒకటి తక్కువుంది అని కాదు, తక్కువుందేమో అని. "సరిగ్గా లెక్కపెట్టుకో" అని పెద్ద డాక్టరుగారు కుట్టడం మొదలుపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టాను, పంతొమ్మిదే. ఆయన చెయ్యి ఆగలేదు. నేను నోరు తెరవలేదు. కాగితం మీద ఇరవై అని రాశాను. రాసిన చెయ్యి ఇదే, ఇప్పుడు చొక్కా చెయ్యి మడత పెడుతున్న చెయ్యి. తొమ్మిదో రోజున ఆ మనిషి జ్వరంతో వణుకుతూ వచ్చాడు, మళ్ళీ కోశారు, గుడ్డ తీశారు, నలభై రోజులు మంచం మీద ఉండి బతికాడు, బతికాడు, ఆ మాట ఎన్నిసార్లు అనుకున్నా నాకు సరిపోదు. కాగితం మీద ఇరవై ఉంది కాబట్టి నన్నెవరూ ఏమీ అడగలేదు. ఈయనకి కూడా చెప్పలేదు.

చంటికి చెప్పాను. పరీక్ష పోయి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న, వంటింటి గడప మీద కూర్చుని, నేనెందుకు పనికిరాను అమ్మా, కళ్ళ ముందు కనపడుతున్నా ఆ రెండు మాటలు గొంతులోంచి ఎందుకు రాలేదు అని అడుగుతుంటే, నా చేతిలో కత్తిపీట పక్కన పెట్టి చెప్పేశాను. తప్పు నీది కాదే, నాది, నీ గొంతులో కూర్చున్నది నేనే అన్నాను. "ఆయన బతికాడా?" అంది. బతికాడే అన్నాను. "ఆయనకి తెలుసా, ఎవరు ఊరుకున్నారో?" అంది. తెలియదు అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జన్మలో మొదటిసారి నా బిడ్డ నా మీద కోపం పెట్టుకుంది, మింగుడు పడలేదు గానీ, లోపల ఎక్కడో ఒక మూల, ఫర్వాలేదే, దీనికి కోపం వస్తుంది అనుకున్నాను. మూడో రోజున రెండు స్టూళ్ళు పక్కపక్కన వేసి, "అమ్మా, నువ్వు కెప్టెన్‌వి, కూర్చో" అంది.

అబ్బో, ఆ వారం మా ఇంట్లో ఎన్ని విమానాలు కూలాయో. ముందు వాళ్ళ నాన్న కెప్టెన్. ఈయన బండి నేర్పేటప్పటి గొంతు పెట్టి, "నాకు తెలుసు, నువ్వు మాట్లాడకు" అని గద్దిస్తే, అది "నాన్నా, గో అరౌండ్" అని గొణిగింది. నాన్నా ఏంటే, నేను కెప్టెన్ని అని ఈయన. నాలుగు రోజులకి గట్టిగా అరవగలిగింది, పైవాటా ఆవిడ దిగి వచ్చి ఎవరికైనా ఏమైనా అయిందా అని అడిగేంత గట్టిగా. తర్వాత నేను కెప్టెన్. నేనేమీ గద్దించలేదు, మామూలుగా, ఎప్పటిలాగే, "ఊరుకో చంటీ, నేను చూసుకుంటానుగా" అన్నాను. అంతే, దాని నోరు పడిపోయింది. పదిసార్లు చేశాం, పదిసార్లూ ఊరుకుంది. పదోసారి ఇద్దరం ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చాం. వాళ్ళ నాన్న మీద అరవగలిగిన పిల్ల నా మీద అరవలేకపోయింది, ఇవాళ ఆ పెద్దాయన గద్దించే రకమో, మెత్తగా మాట్లాడే రకమో. గద్దించే రకమైతే బాగుండునని కోరుకుంటున్నాను, ఏ తల్లయినా ఇలా కోరుకుంటుందా.

"నేల మీదికొచ్చింది" అన్నారు ఈయన. నేల మీదికొచ్చిందంటే దిగిందని కాదు, సముద్రం అయిపోయిందని. ఇప్పుడు ఇద్దరం ఫోన్ మీదికి వంగి ఉన్నాం, ఇస్త్రీ పెట్టె ఆపేశాను, లేకపోతే చొక్కాకి చిల్లే. ఎత్తు పన్నెండు వేల అడుగులు, తొమ్మిది వేలు, ఆరు వేలు. పసుపు బొమ్మ చక్కగా, గీత గీసినట్టు ఆ ఊరి వైపు తిరిగింది. మూడు వేలు. "ఇదిగో, ఇప్పుడు చక్రాలు దించుతారు" అంటున్నారు ఈయన, ఒక గంట కిందటే దిగిన అనుభవం కదా. పదిహేను వందలు. వెయ్యి. ఈయన చెయ్యి నా మణికట్టు మీద పడింది, ఎప్పుడు పడిందో తెలియదు. ఏడొందలు. అయిదొందల యాభై. తర్వాత ఆరొందల యాభై. నేను తప్పు చదివాననుకున్నాను. తొమ్మిదొందలు. పద్నాలుగు వందలు. రెండు వేలు. బొమ్మ ఊరి మీంచి అవతలికి వెళ్ళిపోయింది.

"పోయింది" అన్నారు ఈయన. "దిగలేదే. లేపేశారు. పోయింది, పిల్ల పరీక్ష పోయింది." గోడకి జారబడి నేల మీద కూర్చున్నారు, ముప్ఫై ఏళ్ళలో ఎంతమందిని పరీక్షకి పంపి ఉంటారు, ఎంతమంది తప్పి తిరిగొచ్చినా ఈ మొహం చూడలేదు నేను. నేను నిలబడే ఉన్నాను. ఎవరో అన్నారు. ఆ విమానంలో ఎవరో ఒకరు ఆ రెండు మాటలూ అన్నారు, అనకపోతే అది లేవదు. ఆయనైనా అని ఉండాలి, ఇదైనా అని ఉండాలి. ఆ సీట్లలో ఉన్నది ఇద్దరే. ఆయనే అనుకున్నాడేమో, తనంతట తానే లేపాడేమో, ఇది పక్కన కూర్చుని సార్, గాలి కొంచెం ఎక్కువుందేమో సార్ అంటూ ఉండిపోయిందేమో, అలా అయితే ఈయన అన్నదే నిజం, పోయినట్టే. కానీ మనసు ఒప్పుకోవడం లేదు. "ఏమండీ, లేవండి" అన్నాను, "అదే అని ఉంటుంది." ఈయన నా వంక పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. "దించలేకపోతే సంతోషిస్తావేంటే?" అన్నారు. దించలేకపోవడం కాదండీ, దించనివ్వకపోవడం. ఈ తేడా ఈయనకి ఎలా చెప్పను, పదకొండేళ్ళ కిందటి పంతొమ్మిది గుడ్డల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. చెప్తాను, ఇవాళ చెప్తాను, ముందు పిల్ల దిగనీ.

పద్దెనిమిది నిమిషాలు చుట్టు తిరిగారు. నాకు పుట్టుకొచ్చిన ఆశ ఒక్కో నిమిషానికీ కొంచెం పెరగడం, కొంచెం తగ్గడం, పొయ్యి మీద పాలలాగ. ఈసారి అంకెలు తగ్గుతూ తగ్గుతూ పూర్తిగా అయిపోయాయి, సున్నా అయింది, బొమ్మ నేల మీద మెల్లగా పాక్కుంటూ వెళ్ళి ఆగింది. తర్వాత ఫోన్ మోగడానికి ఇరవై ఆరు నిమిషాలు పట్టింది, ఆ ఇరవై ఆరు నిమిషాల ముందు పన్నెండు వేల ఆరు వందల కిలోమీటర్లు ఏపాటి. ఈయన లేచి మొహం కడుక్కుని వచ్చారు, పిల్ల ఫోన్లో చూస్తుందేమో అని.

"అమ్మా" అంది.

"ఎవరన్నారే?" అన్నాను. ఎలా ఉన్నావు లేదు, దిగావా లేదు, అదే నోట్లోంచి వచ్చింది.

"నేనే."

ఫోన్ని ఇంకాస్త చెవికి నొక్కుకున్నాను. అది చెప్తూనే ఉంది, గొంతు బొంగురుపోయింది, నిద్ర లేక. ఆయన గద్దించే రకం కాదట, బంగారంలాంటి మనిషట, దారంతా నాన్నలాగా కబుర్లు చెప్పాడట, భోజనం తిన్నావా అని రెండుసార్లు అడిగాడట. ఆఖర్న గాలి ఒక్కసారిగా దిశ మార్చి వెనకనుంచి తోసిందట, వేగం దాటిపోయిందట. ఇది ఆ రెండు మాటలూ అంది. ఆయన "ఫర్వాలేదు, నేను చూసుకుంటాను" అన్నాడట, మెత్తగా. "మరి?" అన్నాను.

"రెండోసారి అరిచానమ్మా. సార్ అని కూడా అనలేదు."

ఆయన లేపాడట. చుట్టు తిరిగినంతసేపూ అంకెలు తప్ప ఒక్క మాట లేదట, ఇది అయిపోయిందనే అనుకుందట. విమానం ఆగాక ఆయన చెవులకున్నవి తీసి పక్కన పెట్టి, మొదటిసారే లేపాల్సిందమ్మా, దింపేయగలననుకున్నాను అని, ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టేశాడట. పాపం అనిపించిందమ్మా అంటోంది ఇది.

ఈయన నా చెయ్యి పట్టుకుని లాగుతున్నారు, ఏమైందే, ఏమైందే అని, నేను తలూపాను, పాసైందన్నట్టు, ఈయన అక్కడే నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేనేదో అనాలి. ఆ సమయానికి తల్లులు అనే మాటలు చాలా ఉన్నాయి, ఒక్కటీ రాలేదు. వచ్చినవేమో అన్నీ పాతవే, జాగ్రత్త, పెద్దాయన్ని క్షమాపణ అడిగావా, అరిచావంటే ఏమనుకుంటారో, నాలుక చివరిదాకా వచ్చాయి సిగ్గు లేకుండా.

"అమ్మా, ఉన్నావా? ఏమీ అనవేం?" అంది చంటి.

"ఉన్నానే" అన్నాను. "నువ్వు మాట్లాడు. నేను వింటాను."